వెనక సీటు బరువు

నేను ట్యూన్ చేసిన బండి లాగడం లేదని నా మొహం మీదే అన్న మొదటి మనిషి మా అక్క.

ఆదివారం మధ్యాహ్నం. మబ్బు పట్టి ఉంది. గాలికి ఏదో కొమ్మ నా షెడ్డు రేకుల మీద రాసుకుంటోంది. అక్క బండిని నడుపుకుంటూ కాదు, తోసుకుంటూ లోపలికొచ్చింది. హెల్మెట్ తీసి నా పనిబల్ల మీద ఠపీమని పెట్టింది.

"పొట్టీ, ఇది లాగట్లేదే."

"లాగకపోవడమేంటి? మొన్నేగా వాల్వులు సర్ది, ప్లగ్గులు మార్చి ఇచ్చాను. సగం క్లచ్చు పట్టుకునే నడిపావా?"

"నాకు నడపడం నేర్పకు. ఘాట్ రోడ్డు మీద చచ్చిపోయింది. ఇంకొంచెం ఉంటే నేనూ పోయేదాన్ని."

స్టూలు లాగి అక్కను కూర్చోబెట్టాను. స్టూలు అంచును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. మొహం మాత్రం కోపంగానే ఉంది.

ఇంజన్లకు బలం పెంచడం నా పని. చెడిపోయిన బండిని బాగుచేసేవాళ్ళు వీధికొకరు దొరుకుతారు. బాగున్న బండిని ఇంకా బాగా పరుగెత్తించేదాన్ని నేను. గాలి ఎంత పీల్చాలి, పెట్రోలు ఎంత తాగాలి, నిప్పు ఏ క్షణాన పుట్టాలి, ఈ మూడూ సర్దితే ఏ ఇంజనైనా నా మాట వింటుంది. ఇక గాలీ ధూళీ అంటారా, గాలంటే నాకు ఫిల్టరు గుండా లోపలికెళ్ళేది, ధూళంటే ఆ ఫిల్టరు ఆపేది. అంతకుమించి నేను నమ్మింది లేదు.

అక్క ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేది. పెళ్ళయ్యాక బావ మానిపించాడు. బావది మంచి ఎత్తు, దానికి తగ్గ లావు, రెంటినీ మించిన గొంతు. అక్క స్కూటరు తాళం దాచేసి, "ఎక్కడికే అంత తొందర?" అని నవ్వేవాడు. నిరుడు గుండె ఆగి పోయాడు. నేను ఏడవలేదని చుట్టాలు ఇప్పటికీ నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనీ.

ఆయన పోయాక అత్తవారు అక్కకు వెనక గదొకటి ఇచ్చి, ఒంటరి మనిషివి ఇంకెక్కడికి పోతావన్నారు. అక్క చప్పుడు చేయకుండా ఉద్యోగం వెతుక్కుంది. ఘాట్ రోడ్డుకి అవతలున్న ఆసుపత్రి. చేత్తో మోసే చిన్న మిషనుతో చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి ఎక్స్‌రేలు తీయాలి, సొంత బండి ఉంటేనే పని. సోమవారం చేరకపోతే తర్వాతి మనిషికి ఇచ్చేస్తామన్నారు. అంటే రేపే. అక్క మళ్ళీ ఆ వెనక గదిలోకి వెళ్ళిందంటే ఇక బయటికి రాదు. అది నాకూ తెలుసు, అక్కకూ తెలుసు.

బండి పాతదే. దూరాలు తిరగడానికి, వేగంగా పోవడానికి, రెంటికీ సరిపోయే పెద్ద బండి. అమ్మినాయన నెరిసిన మీసాల మనిషి. తాళం ఇచ్చేముందు ఒకే ఒక్క మాట అడిగాడు: "మీరు ఒక్కరే తిరుగుతారుగా?"

నాకు ఒళ్ళు మండింది. "ఒక్కతే తిరుగుతుంది. ఏం, మీకేమైనా భయమా?" అన్నాను. ఒక్కతే అన్న మాటకి ఆయన మొహం తేలికపడింది. మేమిద్దరం దారి పొడుగునా ఆయన్ని వెక్కిరించుకుంటూ వచ్చాం.

ఆ బండికి వెనక కూర్చునేవాళ్ళ ఫుట్‌రెస్టులు లేవు. ఎవరో విప్పేశారు, బోల్టుల రంధ్రాలు మాత్రం ఉన్నాయి. ఖాళీ రంధ్రం కనిపిస్తే నాకు నిద్ర పట్టదు. పైగా అక్క సామాను కట్టే తాళ్ళకి ఏదో ఒక పట్టు కావాలి. పాత సామాను దుకాణంలో గాలించి ఒక జత తెచ్చి, గ్రీజు రాసి మరీ బిగించాను. ముచ్చటగా అమిరాయి.

"ఏమైందో సరిగ్గా చెప్పు," అన్నాను.

"రేపు వెళ్ళేముందు దారి చూసి వద్దామని బయల్దేరాను. మొదట బాగానే ఎక్కింది. తర్వాత ఒక మలుపు దగ్గర... వెనక ఎవరో ఎక్కినట్టు కుంగింది. గేరు తగ్గించాను. యాక్సిలరేటర్ మొత్తం తిప్పాను. ఇంజను అరుస్తోంది, బండి కదలదు. వెనక్కి దొర్లడం మొదలెట్టింది. బ్రేకు పట్టినా దొర్లిందే! లోయ అంచున రాయి అడ్డం పడబట్టి ఆగాను." అక్క గొంతు తగ్గించింది. "వెనక ఎవరో కూర్చున్నారే."

"సామాను సరిగ్గా కట్టి ఉండవు."

"సామానే లేదు."

నేను వంగి బండిని చూశాను. వెనక ఫుట్‌రెస్టులు రెండూ కిందికి దించి ఉన్నాయి. ఎవరూ కూర్చోనప్పుడు అవి పైకి మడిచి ఉండాలి.

మాటలకంటే కొలత మీద నాకు గురి ఎక్కువ. వెనక షాకబ్జార్బరు కడ్డీకి సన్నటి రబ్బరు రింగు తొడుగుతాం. బండి మీద బరువు పడితే స్ప్రింగు నొక్కుకుని రింగును కిందికి తోస్తుంది. దిగాక స్ప్రింగు పైకి లేస్తుంది గానీ రింగు మాత్రం అక్కడే ఉండిపోతుంది. దానంతటది పైకి రాదు, మళ్ళీ కొలవాలంటే వేలితో తోయాల్సిందే.

అక్కను ఒక్కదాన్నే కూర్చోబెట్టి చాక్‌పీసుతో గీత పెట్టాను. వెనక నేనెక్కి ఇంకో గీత పెట్టాను. రింగు పైకి తోసి, "అలా నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళిరా," అన్నాను. షెడ్డు వెనక చిన్న ఎత్తు రోడ్డు, నున్నగా ఉంటుంది, గుంతలు లేవు.

అక్క వెళ్ళి వచ్చింది. రింగు మొదటి గీత దాటి రెండో గీతకి కాస్త ఇవతల ఆగి ఉంది. అంటే అక్క, అక్కతో పాటు నాకంటే కొంచెం తేలికైన ఎవరో.

భయం వేస్తే నాకు నోటి దురుసు పెరుగుతుంది. "బావే!" అన్నాను. "బతికున్నంతకాలం తాళాలు దాచాడు, చచ్చాక వెనకెక్కి కూర్చున్నాడు. అయినా ఇంత తేలికేంటి? ఆ శరీరమంతా ఏమైంది, అక్కడ తిండి సరిగ్గా పెట్టట్లేదేమో!"

అక్క నవ్వలేదు. ఔననలేదు, కాదనలేదు. "నువ్వు బలం పెంచవే," అంది. "ఎవరైనా కానీ. మోసుకుంటూనే ఎక్కేస్తాను."

"బస్సులో వెళ్ళి ముందు ఉద్యోగంలో చేరు. బండి సంగతి తర్వాత చూద్దాం."

"ఇంకొకళ్ళు నడిపే బండిలో చాలా ఏళ్ళు కూర్చున్నానే. ఈసారి నేనే నడుపుతాను."

దాంతో నేను పనిలో పడ్డాను. ముందు భాగం తొడుగులు విప్పి, హెడ్‌లైటు తీగలు పక్కకి తీసి, గాలి ఎక్కువ పీల్చే ఫిల్టరు వేశాను. బరువైన సైలెన్సరు తీసేసి నా దగ్గరున్న పొడుగు గొట్టం బిగించాను. చైను తిప్పే ముందు పళ్ళచక్రం మార్చి చిన్నది వేశాను, ఎత్తు మీద లాగుడు బాగుంటుందని. తర్వాత బండిని వెనక గదిలోకి తోశాను.

నా వెనక గదికి కిటికీల్లేవు. వీధిలోవాళ్ళు చప్పుడని గోల చేస్తే గోడలకి, తలుపుకి మందపాటి స్పాంజి అతికించాను. పట్టపగలైనా లైటు తీస్తే కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. మధ్యలో నేలలోకి దింపిన ఇనుప రోలరు. ముందు చక్రాన్ని బిగించి, వెనక చక్రాన్ని ఆ రోలరు మీద పరుగెత్తిస్తే ఇంజను బలమెంతో కంప్యూటరు గీత గీసి చూపిస్తుంది. బండి ఉన్నచోటే ఉంటుంది, కొండలు దాటినంత పరుగూ తీస్తుంది. కాలిన రబ్బరు, పెట్రోలు, వేడెక్కిన ఇనుము వాసన ఆ గదిది. ఆ వాసన నాకిష్టం.

గీత బ్రహ్మాండంగా వచ్చింది. పాత గీత కంటే ఎంతో పైకి లేచింది. అక్క వీపు మీద ఒకటి చరిచి, "ఇప్పుడు వెళ్ళు. రాజుగారి గుర్రంలా పోతుంది," అన్నాను.

పోలేదు. ట్యాంకు ఎత్తు సగం ఎక్కేసరికి ఇంజను గొంతు మారడం నాకు ఇక్కడికే వినిపించింది. అక్క మొదటి గేరులో ఈడ్చుకుంటూ వచ్చింది. రింగు రెండో గీతను దాటేసి ఉంది.

నేను బలం పెంచితే అదీ బరువు పెరిగింది. నేను పెట్టిందంతా అది తినేసింది.

ఇక అప్పుడు నాకు భయం పోయి పిచ్చి కోపం వచ్చింది. మా అక్క బతుకంతా వెనక నుంచి ఎవరో ఒకరు లాగుతూనే ఉన్నారు. ఇప్పుడు నా చేత్తో చేసిన ఇంజనును, నా షెడ్డులో, నా కళ్ళముందు లాగుతారా? "నువ్వు బయట ఉండు," అని అక్కతో చెప్పి బండిని మళ్ళీ వెనక గదిలోకి తోసి రోలరు మీద బిగించాను. ఫుట్‌రెస్టులు రెండూ పైకి మడిచి, కాలితో తన్ని మరీ చూసుకున్నాను. తలుపు వేశాను. ఎక్కి ఇంజను ఆన్ చేశాను.

నిప్పు పుట్టే క్షణాన్ని ఇంకాస్త ముందుకు జరపమని కంప్యూటరుకి చెప్పానో లేదో, కరెంటు పోయింది.

లైటు ఆరింది. కంప్యూటరు ఆరింది. పొగను బయటికి నెట్టే పెద్ద ఫ్యాను గిరగిరా తిరిగి, మెల్లగా తిరిగి, ఆగింది. ఆ గదిలో ఫ్యాను లేకుండా ఇంజను నడవడం ప్రమాదం. ఆపేశాను.

చీకటి.

వేడి తగ్గుతున్న ఇంజను చప్పుడు చేస్తుంది. లోహం ముడుచుకునే చప్పుడు. టిక్... టిక్... టిక్. ఎన్నోసార్లు విన్నదే. ఆ చప్పుడు వింటూ కరెంటు కోసం కూర్చున్నాను.

టిక్... టిక్...

టక్.

అది ఇంజను కాదు. ఎడమవైపు, నా మడమ వెనక. ఫుట్‌రెస్టు కిందికి దిగిన చప్పుడు.

నేను కదల్లేదు.

టక్. ఈసారి కుడివైపు.

స్ప్రింగు మూలిగింది. బండి వెనక భాగం కుంగింది... మెల్లగా... ఎవరో జాగ్రత్తగా సర్దుకుని కూర్చుంటున్నట్టు. ఏదో వాసన వచ్చింది. పెట్రోలు కాదు, రబ్బరు కాదు. రోజుల తరబడి ఆరని తడిబట్టల వాసన. నా మెడ వెనక వెంట్రుకలు కదిలాయి. గదిలో గాలి లేదు.

"పొట్టీ?" తలుపవతల నుంచి అక్క గొంతు, ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. "కరెంటు పోయింది. బయటికి రావే."

నాకూ వెళ్ళాలనే ఉంది. దిగుదామని కాలు తిప్పబోయాను. అప్పుడు నా నడుముకి రెండు వైపులా ఏదో తగిలింది. చేతులు. చల్లగా, మెత్తగా. పొట్ట మీదికి పాకి, వేళ్ళలో వేళ్ళు వేసి ముడి పడ్డాయి.

అరవడానికి నోరు తెరిచాను. కానీ బయటికొచ్చింది అరుపు కాదు.

"దిగు బావా," అన్నాను గుసగుసగా.

మెడ మీద ఊపిరి తగులుతోంది.

"నా మాట విను. అక్క రేపు వెళ్తుంది. నువ్వు పట్టుకున్నా వెళ్తుంది, పట్టుకోకపోయినా వెళ్తుంది. బండి ఆగితే నడిచి వెళ్తుంది. దాన్ని వదిలెయ్. అంతగా ఎవరి వెనకో ఒకరి వెనక కూర్చోకపోతే తోచదంటావా, నా వెనక కూర్చో. నేను నీకు భయపడే రకం కాదని నీకు తెలుసు."

ఊపిరి ఆగింది. ఇంజను టిక్కుటిక్కు కూడా ఆగింది.

"నిజంగా?"

చెవి పక్కనే. గుసగుసలో ఆడా మగా తేడా తెలియదు. కానీ ఆ మాటలో సంతోషం ఉంది. అది నన్ను చేతులకంటే ఎక్కువ భయపెట్టింది.

"నిజంగానే," అన్నాను. "గట్టిగా పట్టుకో."

ఇంజను ఆన్ చేశాను. ఫ్యాను లేకపోతే పోనీ అనుకున్నాను. గేరు వేశాను. యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పి అక్కడే బిగపట్టాను. ఆ చీకట్లో రోలరు లేచి అరిచింది. గోడలు వణికాయి. గేరు మార్చాను, ఇంకోటి మార్చాను. చేతులు బిగుసుకున్నాయి... ఊపిరి ఆడలేదు... పక్కటెముకలు లోపలికి నొక్కుకుపోతున్నాయి. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, పొగకో దేనికో. అయినా వదల్లేదు. దాని బలమెంతో అదీ చూపించనీ, నా ఇంజను బలం నేనూ చూపిస్తాను అనుకున్నాను. ఇంజను తన బలంలో చిట్టచివరి చుక్క కూడా ఇచ్చేసింది. ఆ క్షణాన...

చేతులు వదిలేశాయి.

అక్క తలుపు తోసుకుని వచ్చి నన్ను చొక్కా పట్టుకుని బయటికి లాగింది. నేల మీద పడి దగ్గుతుంటే కరెంటు వచ్చింది. గది పొగతో నిండిపోయి ఉంది. బండి మీద ఎవరూ లేరు. ఫుట్‌రెస్టులు రెండూ పైకి మడిచి ఉన్నాయి. రబ్బరు రింగు కడ్డీకి పై చివర ఉంది. నేను తోసినట్టు గుర్తు లేదు. ఆ హడావిడిలో ఎప్పుడో తోసే ఉంటాననుకున్నాను.

ముందు ఆ ఫుట్‌రెస్టులు విప్పి చెత్తడబ్బాలో పారేశాను. తొడుగులు బిగించి, హెడ్‌లైటు తగిలించి, అక్కను ట్యాంకు దాకా పంపాను. ఎత్తు మీదికి బండి బాణంలా దూసుకుపోయింది. తిరిగొచ్చేసరికి అక్క హెల్మెట్ లోపల పకపకా నవ్వుతోంది. రింగు సరిగ్గా మొదటి గీత మీద ఉంది. ఒక్క మనిషి బరువు. మా అక్క బరువు.

తెల్లారగానే వెళ్ళిపోయింది. మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. దానికి నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

మధ్యాహ్నం ఫోను చేసింది. గొంతు చిన్నపిల్లలా ఉంది. "ఎగిరిందే పొట్టీ! కొండ ఎక్కినట్టే తెలియలేదు. ఉద్యోగంలో చేరిపోయాను. గదికి రెండు కిటికీలున్నాయి!"

"నేను చెప్పలా? బావకి గట్టిగా చెప్పి దింపేశాను."

"బావేంటే?"

"అదే, నీ వెనక కూర్చున్న..."

"పిచ్చిమొహమా! బావ ఏనాడైనా నా వెనక కూర్చున్నాడా? ఆడది నడిపే బండెక్కితే పరువు పోతుందని వానలో కూడా నడిచొచ్చేవాడు. చచ్చినా నా వెనక కూర్చోడు. అది బావ కాదే."

"మరి నిన్ననే చెప్పొచ్చుగా!"

"నువ్వు ఆయన్ని తిడుతుంటే ప్రాణానికి హాయిగా ఉంది. ఆపబుద్ధి కాలేదు." నవ్వి, గొంతు తగ్గించింది. "అయినా నా నడుము పట్టుకున్న ఆ చేతులు పెద్దవాళ్ళవి కావు. ఘాట్ రోడ్డు మీద నా నడుముకి సగం దాకానే అందాయి. నువ్వు బలం పెంచాక ట్యాంకు ఎత్తు మీద కొంచెం ఎక్కువ అందాయి. పోన్లే, ఎవరైతేనేం, దిగిపోయారుగా. ఉంటానే, పిలుస్తున్నారు."

ఫోను పెట్టేసింది. నేను షెడ్డు మధ్యలో నిలబడిపోయాను. అవే చేతులు నిన్న చీకట్లో నా పొట్ట మీద వేళ్ళలో వేళ్ళు వేసి పూర్తిగా ముడిపడ్డాయి.

నా బండి గోడవారగా స్టాండు మీద ఉంది. నేనే తయారు చేసుకున్న బండి, దీని వెనక కడ్డీకీ రబ్బరు రింగు ఉంది. వెనక సీటు లేదు, ఫుట్‌రెస్టులు లేవు, బిగించే రంధ్రాలు కూడా లేవు. ఒక్క మనిషి కూర్చునే చోటే ఉంది. పొద్దుట నుంచి దాన్ని నేను ముట్టుకోలేదు. దగ్గరికి వెళ్ళి చూశాను. స్ప్రింగు నొక్కుకుని ఉంది. మనిషి కూర్చుంటే ఎంత కుంగుతుందో అంత.

తడిబట్టల వాసన వచ్చింది.

పారిపోవచ్చు. తలుపు తెరిచే ఉంది, బయట ఎండ కాస్తోంది. కానీ ఇది నా షెడ్డు. నేను పోతే అది ఎవరి వెనక ఎక్కుతుంది? కొండ దాటి అక్క దగ్గరికి వెళ్తే?

"పిలిచింది నేనే," అన్నాను. "కాదనను. కానీ ఇక్కడ నా మాటే చెల్లుతుంది. లే. అది నా సీటు."

స్ప్రింగు మెల్లగా పైకి లేచింది. విన్నది! నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎక్కి కూర్చుందామని హ్యాండిల్ మీద చెయ్యి వేశాను.

అప్పుడు కనిపించింది. కింద ఆగి ఉన్న రబ్బరు రింగు కడ్డీ మీద కొంచెం కొంచెంగా పైకి జరుగుతోంది. కొత్త కొలతకి ముందు నేను వేలితో తోసినట్టే, చివరిదాకా జరిగి ఆగింది.